పచ్చమసాలా చేప, కొర్రన్నం: తడి లెక్క

చిట్టీ,

ఆదివారం రాత్రికి నలుగురికి చేప వేపుడూ, కూరగాయల కొర్రన్నమూ చేస్తానన్నావు. చేప పెనానికి అంటుకున్నా, మసాలా ఊడొచ్చినా, కొర్రలు జావయినా తప్పు తడిదే. ఆ ఒక్కటీ కనిపెట్టుకుని ఉండు.

వంజరం గానీ పండుగప్ప గానీ ముప్పావు కిలో, బొటనవేలి మందాన అడ్డముక్కలు కొట్టించు. పలచనైతే తిరగేసేటప్పుడు విరుగుతాయి, మరీ మందమైతే లోపల ఉడికేలోపే పైన మసాలా మాడుతుంది. కొత్తపట్నం నుంచి పొద్దున్నే ఒంగోలు వచ్చే చేపైతే మేలు. మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ఐసులో నాన్చిన వంజరం కోసం తిరగొద్దు, చెరువు కొర్రమీను తెచ్చుకో. దానికి బురద వాసన ఉంటే కల్లుప్పు, కాస్త చింతపండు గుజ్జు రాసి పది నిమిషాలుంచి కడుగు. ఆ వాసన పులుపుకే విరుగుతుంది.

కడిగిన ముక్కల్ని జల్లెడలో పావుగంట వాడ్చి, పొడిగుడ్డతో రెండు వైపులా అద్దు. చాలామంది వదిలేసే పని ఇదే, నువ్వు వదలొద్దు. తడి ముక్క పెనం మీద వేగదు, ఉడుకుతుంది. ఉడికిన కండ ఇనుముకు అతుక్కుంటుంది.

ఈలోగా ఒకటిన్నర గ్లాసు కొర్రలు కడిగి గంటసేపు నానెయ్యి.

మసాలాకి పెద్ద కట్ట కొత్తిమీర, అందులో మూడో వంతు పుదీనా, రెండు రెమ్మల కరివేపాకు, ఐదు పచ్చిమిరపకాయలు, ఎనిమిది వెల్లుల్లి రేకలు, అంగుళం అల్లం, అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర. పుదీనా అంతకు మించితే చేదు తేలుతుంది. ఆకు కడిగి నీడన ఆరబెట్టాకే నూరు. మిక్సీ తిరగకపోతే నీళ్లు పోయకు, రెండు చెంచాల నూనె పొయ్యి. ముద్ద వేలికి అంటుకుని నిలవాలి, జారితే ముక్క మీదా జారుతుంది. ఉప్పు చెంచాంబావు, పసుపు పావు చెంచా కలిపి పట్టించి అరగంట ఉంచు. పట్టించే ముందే రెండు చెంచాల ముద్ద పక్కన పెట్టుకో.

నిమ్మరసం ఇప్పుడే కలపొద్దు. పులుపులో నానిన చేప బిగిసి పిండి పిండిగా అవుతుంది, ఆకు పచ్చదనమూ పోతుంది. పొదలకూరు నిమ్మకాయ ఒకటి వడ్డించే ముందు పిండితే చాలు.

కొర్రన్నం అడుగు మందం గిన్నెలో. నూనెలో ఉల్లిపాయ, ఒక క్యారెట్, పది బీన్స్ చిన్నగా తరిగి మూడు నిమిషాలు వేయించు. టమాటా, సొరకాయ వద్దు, అవి వదిలే నీళ్లతో ఎసరు లెక్క తప్పుతుంది. రెండున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మరిగాక, వాడ్చిన కొర్రలు పోసి, మూతపెట్టి సన్నసెగన పన్నెండు నిమిషాలు ఉంచు. గుప్పెడు మునగాకు చల్లి దించెయ్యి. ఆపైన పది నిమిషాలు మూత తియ్యకు, గరిటె పెట్టకు. వేడిమీద కలిపితే గింజ చితికి ముద్దవుతుంది.

ఆ పది నిమిషాల్లోనే చేప మొదలుపెట్టు. ఇనప పెనం బాగా కాగాక మూడు చెంచాల వేరుశనగ నూనె వేసి, సెగ మధ్యస్థానికి తగ్గించి ముక్కలు పరుచు. వాయికి నాలుగే వెయ్యి, కిక్కిరిస్తే పెనం చల్లబడి నీరూరుతుంది. నాలుగు నిమిషాలు ముట్టుకోకు. వేగిన ముక్క అట్లకాడకు తనే లేచొస్తుంది, లేవకపోతే మరో నిమిషం ఆగు. రెండోవైపు మూడు నిమిషాలు చాలు. ముల్లు దగ్గర కండ తెల్లబడి విడిపోతుంటే అయినట్టే. పక్కన పెట్టిన ముద్దను ఆఖరి వాయి తీశాక అదే నూనెలో అర నిమిషం తిప్పి ముక్కల మీద వెయ్యి. మొదటినుంచీ వేగిన ఆకు నల్లబడుతుంది, పచ్చి ఆకు వాసన ఈ ముద్ద నుంచే వస్తుంది.

కొర్రన్నం కాస్త పొడిగా ఉంటుంది కాబట్టి పక్కన పలచటి మజ్జిగ కాకుండా గట్టి పెరుగులో తరిగిన ఉల్లిపాయ కలిపి పెట్టు. పిల్లలకి ముళ్లు తీసి పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ