మైదా బస్తా కన్నా జిప్ కవర్లలోనే ఎక్కువ మిగులు

ప్రశ్న: ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి అమ్ముతున్నాను. నెలకు 12 కిలోల మైదా పడుతుంది. షాపులో కిలో రూ.52. పూర్ణా మార్కెట్‌లో 50 కిలోల బస్తా రూ.2,000, 25 కిలోలది రూ.1,050 చెప్పారు. పెద్ద బస్తా తీసుకోమంటారా? పిండి, జీడిపప్పు దాచడానికి నెలకు 60 జిప్ కవర్లు (ఒక్కోటి రూ.8) కూడా అవుతున్నాయి.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: 25 కిలోలదే తీసుకోండమ్మా. పెద్ద బస్తాతో నెలకు రూ.144 మిగిలితే, చిన్నదానితో రూ.120 మిగులుతుంది. తేడా 24 రూపాయలే. దానికోసం నాలుగు నెలలకు పైగా పిండిని కాపలా కాయాలి. పదకొండున్నర కిలోలు పాడైతే షాపు రేటుకు కొన్నట్టే లెక్క. సముద్రపు తేమ, ఆపైన వానాకాలం ఉన్న మన ఊళ్లో అంత పిండి పాడవడం సులువే.

పురుగు బయటి నుంచే వస్తుందనుకుంటారు. చాలాసార్లు గుడ్లు పిండిలోనే ఉండి వస్తాయి, డబ్బా మూత ఎంత బిగించినా లోపలే పొదుగుతాయి. వేపాకు, బిరియానీ ఆకు వేసినా గుడ్లు చావవు. బస్తా విప్పిన రోజే రెండేసి కిలోలు మందపాటి కవర్లలో పలచగా పరిచి, మూడేసి చొప్పున నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి. చల్లటి పిండికి గాలి తగిలితే చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. తర్వాత స్టీలు డబ్బాలో పోయండి. డబ్బాలో అడుగున పాత పిండి ఉండగా కొత్తది మాత్రం పోయొద్దు. మిగిలిన బస్తాను చెక్క మీద, గోడకు తగలకుండా పెట్టండి. గోధుమపిండి ఇంకా త్వరగా ముక్కిపోతుంది, అది నెలకు సరిపడానే కొనండి.

బేకింగ్ పౌడర్ కిలో ప్యాకెట్ చవగ్గా కనిపిస్తుంది కానీ తెరిచాక తేమకు బలం తగ్గుతుంది. అర చెంచా పౌడర్‌ను వేడినీళ్లలో వేస్తే జోరుగా పొంగాలి. పొంగకపోతే పారేయండి, లేకపోతే దాని వెనకే గుడ్లు, వెన్న ఖర్చూ పోతుంది.

అసలు డబ్బు పోతున్నది కవర్ల మీద: నెలకు రూ.480. ఒక్కోటి నాలుగుసార్లు వాడితే రూ.120తో సరిపోతుంది. మిగిలే రూ.360 మైదా మీద మిగిలేదానికి మూడింతలు. పొడి సరుకు ఉంచిన కవర్లే తిరిగి వాడండి. పచ్చిగుడ్డు, మాంసం తగిలినవి, వెన్న జిడ్డు పట్టినవి వద్దు. కస్టమర్లకిచ్చే ప్యాకింగ్ ఎప్పుడూ కొత్తదే. కవర్లు కడగడానికి గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు చాలు. మరిగే నీళ్లు పోస్తే అంచుల అతుకు ఊడుతుంది. జిప్ గాడిలో మైదా ముద్ద ఇరుక్కుంటుంది, దాన్ని వేలితో రుద్ది తీయకపోతే మూత పడదు. కవరు నోరు తెరుచుకుని ఉండేలా గరిటె కాడకు తగిలించి ఫ్యాను కింద ఆరబెట్టండి. వానాకాలంలో దీనికి ఒక రోజు పడుతుంది. నీళ్లు పోసి తలకిందులు చేస్తే కారేది చెత్తబుట్టకే.

ఇంకొకటి. బస్తా డబ్బు క్రెడిట్ కార్డు మీద పెట్టి బిల్లు పూర్తిగా కట్టకుండా వదిలేయకండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ పడే కార్డయితే రూ.1,050 మీద దాదాపు రూ.37, దాని మీద జీఎస్టీ. మీ 120లో మూడో వంతు అక్కడే పోతుంది.