వాళ్ళ చేతులేం చేస్తున్నాయి?

చిరంజీవికి,

నీ స్క్రిప్టు చదివాను. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి ఒళ్ళు మండింది. కోపం చల్లారాక రాస్తే అన్నీ మంచి మాటలే రాసి ఊరుకుంటానని వెంటనే కూర్చున్నాను.

నీ సీనులో అంతరిక్ష కేంద్రం ముక్కలైపోతోంది. తమ్ముడు ఎక్కిన నౌక కదలాలంటే అక్క ఇవతలే ఉండిపోయి తలుపు వెయ్యాలి. ఉన్నది నాలుగు నిమిషాల గాలి. ఆ కాస్త వ్యవధిలో ఇద్దరూ రెండున్నర పేజీలు మాట్లాడుకున్నారు. "నువ్వు లేకుండా నేను బతకలేనక్కా" అని వాడు, "నా ప్రేమంతా నీకేరా" అని ఆమె. పక్కన నీ సూచన: విషాద సంగీతం పెరుగుతుంది. ఇంతసేపూ ఆ అక్క చేతులు ఏం చేస్తున్నాయి? ఎంత వెతికినా కనపడలేదు.

'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో 2006లో వచ్చిన 'డూమ్స్‌డే' ఎపిసోడ్ చూసి వెక్కి వెక్కి ఏడ్చాననీ, అలాంటి సీను రాయాలనే మొదలుపెట్టాననీ అన్నావు. సరే, అదే సీరియల్‌లో 1964 డిసెంబరుకి వెళ్దాం. లండన్ శిథిలాల మధ్య కథానాయకుడైన ముసలి డాక్టరు తన మనవరాలు సూసన్‌ని వదిలి వెళ్ళాలి. ఆ పిల్ల డేవిడ్ అనే కుర్రాణ్ణి ప్రేమించింది, కానీ తాతని వదల్లేకపోతోంది. అంతకు ముందే ఆమె బూటు అడుగున చిల్లు పడింది. బాగు చేస్తానని ఆయన ఆ బూటు పట్టుకుని, వాళ్ళ నౌకా ఇల్లూ అయిన టార్డిస్‌లోకి వెళ్ళి, లోపల్నించి తలుపు గడియ వేసేస్తాడు. తర్వాత మాట్లాడతాడు, చాలానే మాట్లాడతాడు. కానీ నాకు గుర్తున్నది ఆ బూటు. బయట ఆ పిల్ల ఒంటి బూటుతో నిలబడి, చేతిలో ఉన్న టార్డిస్ తాళంచెవిని నేల మీదికి జారవిడుస్తుంది. ఇక ఆ ఇంటికి తిరిగి వెళ్ళేది లేదని చూసేవాడికి ఆ ఒక్క పనితో తెలిసిపోతుంది.

అదే సీరియల్లో 1973లో వచ్చిన 'ద గ్రీన్ డెత్' కథ చివర జో గ్రాంట్ నిశ్చితార్థం పార్టీ. మూడేళ్ళుగా డాక్టరు వెంట తిరిగిన పిల్ల పెళ్ళి చేసుకుని అమెజాన్ అడవులకి వెళ్తోంది. ఆయన ఒక నీలం స్ఫటికాన్ని కానుకగా ఇస్తాడు. గ్లాసులో ఉన్నది గడగడా తాగేస్తాడు. అందరూ సందడిలో ఉండగా బయటికి నడిచి, తన పాత పసుపు కారు స్టార్ట్ చేసి, మసక చీకట్లో ఒంటరిగా వెళ్ళిపోతాడు. బాధగా ఉందని ఒక్క ముక్క కూడా అనడు.

అమెరికా వాళ్ళ అంతరిక్ష సీరియల్ 'స్టార్ ట్రెక్' నేను చూసింది దూరదర్శన్‌లో, ఆదివారాలు పొద్దున. ఆ ఇంగ్లీషు నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. 1967లో తీసిన ఎపిసోడ్ ఒకటుంది, 'ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. కెప్టెన్ కిర్క్ ప్రేమించిన ఈడిత్ కీలర్ ట్రక్కు కింద పడకుండా ఆపాలని స్నేహితుడు మెకాయ్ పరిగెత్తబోతే, కిర్క్ అతన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆపుతాడు. ఆమె బతికితే చరిత్రే మారిపోతుంది. ఆ చేతులు అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

అప్పటివాళ్ళు మహానుభావులు కాబట్టి అలా రాశారని నేననను. 'డాక్టర్ హూ' వాళ్ళు స్టూడియోలో గబగబా రికార్డు చెయ్యాలి, టేపు కత్తిరించడం ఖర్చుతో కూడిన పని, సంగీతానికి పెద్దగా డబ్బుల్లేవు. చేతికందిన వస్తువే దిక్కు. ఇప్పుడు వాద్యబృందం ఉంది, కంప్యూటర్ ఉంది, క్లోజప్పుకి కొదవ లేదు. అందుకని రాసేవాడు వస్తువుని వెతకడం మానేశాడు.

'డూమ్స్‌డే' సంగతి వేరు. ఆ సముద్రపు ఒడ్డున కనపడే డాక్టరు ఉత్త నీడబొమ్మ, మనిషి ఇంకో లోకంలో ఉన్నాడు. ఆయన వెంట తిరిగిన రోజ్ ముట్టుకోబోతుంది, కుదరదంటాడు. అక్కడ చేతులకి పని లేకపోవడమే కథ. ఆయన "రోజ్ టైలర్" అని పేరు పలికి ఆగిన చోట సీను తెగిపోతుంది. స్వరకర్త ముర్రే గోల్డ్ సంగీతం లేకపోయినా ఆ తెగిన మాట చాలు. నువ్వు అందులోంచి కన్నీళ్ళూ సంగీతమూ తెచ్చుకున్నావు, అసలైన ఆ తెగడాన్ని వదిలేశావు. 1992లో 'స్టార్ ట్రెక్' కొత్త తరంలో వచ్చిన 'ద ఇన్నర్ లైట్' కూడా చూడు. ఇరవై అయిదు నిమిషాల్లో ఇంకో మనిషి జీవితమంతా బతికి లేచిన కెప్టెన్ పికార్డ్, చివర్లో ఆ జీవితంలో వాయించిన వేణువుని గుండెకి హత్తుకుని, తర్వాత ఒక్కడే వాయించుకుంటాడు.

నాకీ పట్టుదల ఊరికే రాలేదు. ఒకప్పుడు హైదరాబాదులో ఒక ఛానెల్‌కి సీరియల్ రాశాను. కూతురు విదేశం వెళ్ళే సీను. సూట్‌కేసు జిప్పు పడదు. తండ్రి దాని మీద మోకాలు ఆనించి, పళ్ళ బిగువున లాగుతుంటాడు. అంతే సీను. ఆ వేషం వేసిన పెద్దాయన నాటకాల్లోంచి వచ్చినవాడు. రిహార్సల్లో జిప్పు పడ్డాక ఇంకా లాగుతూనే ఉన్నాడు. లైట్ బాయ్స్ కూడా మాటలాపేసి చూశారు. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ వచ్చి, "ఫాదర్ ఏడవకపోతే టీఆర్పీ ఎక్కణ్ణించి వస్తుంది సార్?" అన్నాడు. సూట్‌కేసు తీసేశారు. గ్లిజరిన్ వేసి, ఉరుము చప్పుడు పెట్టి, ముఖం మీదికి మూడుసార్లు జూమ్ కొట్టారు. ఆ ఛానెల్‌కి మళ్ళీ రాయలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలనీ లేదు. నీ తొమ్మిదో పేజీలో అదే ఉరుము వినపడింది.

నీ నాలుగో పేజీలో ఆవకాయ సీసా ఉంది. తమ్ముడు మూత వదులుగా పెడతాడు, నూనె బొట్లు గాల్లో తేలతాయి. అక్క తిట్టుకుంటూ వాటిని గుడ్డతో ఒక్కొక్కటే పట్టి తుడిచి, మూత బిగిస్తుంది. అది చదివి నేను కాసేపు పేజీ తిప్పలేదు. వాళ్ళిద్దరి మధ్య ఏముందో అక్కడే తెలిసిపోయింది. అంత మంచి వస్తువుని నాలుగో పేజీలో వదిలేసి, చావు దగ్గర ఉత్త మాటలు పెడతావా?

ఆ రెండున్నర పేజీలు తీసేసి మళ్ళీ రాయి. తలుపు ఎలా మూస్తుంది, గొళ్ళెం ఎటు తిప్పాలి, అది ఎక్కడ బిగుసుకుంది, వాడు అవతల్నించి ఏం చూస్తున్నాడు, ఇవన్నీ రాయి. ప్రేమ అన్న మాట వద్దు. సంగీతం గురించి ఒక్క ముక్కా రాయకు, అది వేరేవాళ్ళ పని. ఓటీటీ వాళ్ళు గడువు పెట్టారన్నావు కాబట్టి శుక్రవారంలోగా మెయిల్ చెయ్యి. సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేస్తే తీస్తాను.

ఆశీస్సులతో.