గోలు ముందు నిలబడేది ఒక్కడే

ప్రశ్న: మాది చిత్తూరు సార్. టైర్ల అంగడి ఉంది. మావాడికి పదహారో ఏడు నడుస్తోంది, పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయినాడు. ఏడో తరగతి నుంచి మెసానికల్ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడతాడు, గోల్‌కీపర్. జిల్లా అండర్-17 జట్టుకు తీసుకున్నారు గానీ ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు, రెండో కీపర్ అని బెంచీ మీదే కూర్చోబెట్టినారు. ఇప్పుడు బెంగళూరులో ఒక అకాడమీ వాళ్లు ఏడాదికి నాలుగు లక్షలు కడితే రెండేళ్లలో ఐఎస్ఎల్ (దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగు, ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులో చేర్పిస్తాం, గ్యారంటీ అంటున్నారు. మా బామ్మర్ది ఏమో తిరుపతిలో హాస్టల్ కాలేజీలో ఎంపీసీలో వేసేయమంటాడు. పిల్లోడు ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే మాటను మీరు కోపంగా రాసినారు, ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదని. మీవాడు ఫార్వర్డో డిఫెండరో అయ్యుంటే నేనూ మీతో కలిసి కోప్పడేవాణ్ణి. కీపర్ సంగతి వేరు. మిగతా పది చోట్ల కోచ్ ఇటువాణ్ణి అటు, అటువాణ్ణి ఇటు సర్దుతాడు, ఆట మధ్యలో కొత్తవాళ్లను దించుతాడు. గోలు ముందు మటుకు ఒక్కడే. వాడికి దెబ్బ తగిలితేనో, రెడ్ కార్డు పడితేనో తప్ప మార్చరు. పెద్ద క్లబ్బుల్లో మామూలుగా ముగ్గురు కీపర్లుంటారు. మ్యాచ్ రోజు ఒకడు ఆడతాడు, ఒకడు బెంచీ మీదుంటాడు, మూడోవాడు గ్యాలరీలో కూర్చుని చూస్తాడు. అయినా ముగ్గురూ పొద్దున్నే ఒకే రకంగా నేలమీద దొర్లాల్సిందే. ఈ ఉద్యోగంలో సగం పని ఎదురుచూడటం. జీతం ఇచ్చేది దానికి కూడా.

ప్రభ్‌సుఖన్ గిల్ అని పంజాబు పిల్లోడున్నాడు. 2017లో మన దేశంలో అండర్-17 ప్రపంచ కప్ జరిగినప్పుడు భారత జట్టులో ఉన్నాడు. మూడు మ్యాచ్‌లకూ గోల్లో నిలబడింది మణిపూర్ కుర్రాడు ధీరజ్ సింగ్, గిల్ బెంచీ మీద. నాలుగేళ్ల తరువాత కేరళ బ్లాస్టర్స్‌లో కూడా అదే కథ. 2021-22 సీజన్ మొదట్లో అక్కడి మొదటి కీపర్ ఆల్బినో గోమ్స్‌కు గాయమైంది. గిల్ దిగినాడు. దిగినవాడు మళ్లీ బయటికి రాలేదు, ఆ ఏడు ఐఎస్ఎల్ ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ వాడికే వచ్చింది. ఫైనల్లో కేరళ మన హైదరాబాద్ చేతిలో పెనాల్టీలతో ఓడిపోయింది. అవతలి గోల్లో నిలబడి మూడు పెనాల్టీలు ఆపిన లక్ష్మీకాంత్ కట్టిమణికి అప్పటికి 32 ఏళ్లు. ఫార్వర్డులు చానా మంది ఆ వయసుకు ఆట విరమించే ఆలోచనలో పడతారు. కీపర్లకు అప్పుడే చూపు కుదురుతుంది. ఇటలీ కీపర్ డీనో జోఫ్ 1982లో ప్రపంచ కప్ ఎత్తినప్పుడు ఆయన వయసు 40.

నేను కూడా ఎస్వీ యూనివర్సిటీ రోజుల్లో రెండేళ్లు రెండో కీపర్‌నే. నాకూ ఒకసారి అవకాశం వచ్చింది, ఇరవై నిమిషాలు. అందులో రెండు గోల్స్ వదిలేసినాను, అందుకే ఇప్పుడు ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను. తప్పెక్కడ జరిగిందో మీకు చెప్పాలి. బెంచీ మీద ఉన్నన్నాళ్లూ నేను ఆట చూడలేదు, వేరుశెనక్కాయలు తింటూ స్నేహితులతో ముచ్చట్లు పెట్టుకున్నాను. దిగేసరికి అవతలివాళ్లలో ఎవడు ఎడమకాలితో కొడతాడో కూడా నాకు తెలియదు. కాబట్టి మీరు మొదట కనుక్కోవాల్సింది, జిల్లా జట్టుతో పోయిన ఆ రోజుల్లో మీవాడు ఏం చేసినాడని. మొదటి కీపర్‌కు వార్మప్‌లో షాట్లు కొట్టి పెట్టినాడా, లేక ముఖం ముడుచుకుని షెడ్డు కింద కూర్చున్నాడా? జట్టు కోచ్‌ను అడగండి, పిల్లోణ్ణి కాదు.

ఎత్తు గురించి దాచకుండా చెప్తాను. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. మన జాతీయ జట్టుకు ఏళ్లతరబడి ఆడిన గురుప్రీత్ సింగ్ సంధు ఎత్తు ఆరున్నర అడుగులు. ఈ రోజుల్లో క్లబ్బులు ఆరడుగులు దాటినవాళ్లనే ముందు చూస్తాయి. కారణం పైమూలకు పోయే షాట్లనుకుంటారు చానా మంది. అసలు ఇబ్బంది కార్నర్లతో, క్రాస్‌లతో, అంటే పక్కల నుంచి గోలు ముందుకు ఎత్తి కొట్టే బంతులతో వస్తుంది. గోలు ముందు ఏడెనిమిది మంది గుమిగూడి ఎగిరేటప్పుడు వాళ్ల తలల మీదుగా చెయ్యి పోవాలి గదా. అయిదు తొమ్మిది అంటే ఇప్పటికి సరిపోతుంది, పద్దెనిమిదేళ్లప్పుడు కూడా అంతే ఉంటే పెద్ద క్లబ్బు గేటు దగ్గరే కష్టం. ధీరజ్ లాంటివాళ్లు సంధు అంత ఎత్తు లేకుండానే పైకి వచ్చినారు గానీ వాళ్ల కాళ్ల వేగం, ముందే పసిగట్టే తెలివి అసాధారణమైనవి. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించండి. ఎదిగే ఎముక ఇంకా తెరిచి ఉందా, మూసుకుందా అన్నది దాన్ని చూసి చెప్తారు. ఒక్క ఎక్స్‌రే ఖర్చుతో సగం సందేహం తీరుతుంది.

ఆ ఎక్స్‌రేతో ఇంకో సంగతి కూడా ముడిపడి ఉంది. మనవైపు బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ అయ్యవారికి తోచినట్టు రాయించే అలవాటుండేది, చానా మందిది జూన్ నెలే. ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్ఎఫ్, చిన్నవయసు పోటీల్లో ఇదే మణికట్టు ఎక్స్‌రేతో టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముక వయసు లెక్క కడుతుంది. మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు సర్టిఫికెట్ మూడూ ఒకే తేదీ చెప్తున్నాయా చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఎవరైనా ఏడాది తగ్గించి రాయిద్దాం, అండర్-15లో దించుదాం అంటే వాళ్లతో మాట్లాడటం ఆపేయండి.

ఇక నాలుగు లక్షల అకాడమీ. ఐఎస్ఎల్ క్లబ్బులో చేరుస్తామని రాసిచ్చే అధికారం ఏ అకాడమీకీ లేదు. కీపర్ విషయంలో అయితే అది మరీ విడ్డూరం. పదమూడో పద్నాలుగో క్లబ్బులు, ఒక్కోదాంట్లో ముగ్గురు, అందులో ఆడేది ఒక్కడు. పిల్లోడి చేతులు నిజంగా బాగుంటే డబ్బు అడగరు, ఎంచుకుంటారు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987 నుంచి అట్లా ఎంచుకున్న పిల్లలనే పెంచుతోంది, 2011 ఆసియా కప్‌లో అందరి నోళ్లలో నానిన కీపర్ సుబ్రతా పాల్ అక్కడి నుంచే వచ్చినాడు. మన పక్కనే అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల క్రీడా గ్రామం ఉంది, అక్కడికి పోయి చూపించండి. కడపలోని స్పోర్ట్స్ స్కూలు సంగతి మరచిపోండి, అందులో చేర్చుకునేది నాలుగో తరగతిలో.

అయినా బెంగళూరు వాళ్లను వదిలేయడానికి మనసు రాకపోతే, కట్టే ముందు కొన్ని సంగతులు ముఖం మీదే అడగండి. కీపర్లకు వేరే కోచ్ ఉన్నాడా, ఉంటే రోజూ వస్తాడా, ఆదివారం ఒక్కపూటేనా? ఇప్పుడక్కడ కీపర్లు ఎంతమంది? ఏఐఎఫ్ఎఫ్ స్టార్ రేటింగ్ ఎంత, ఏ యూత్ లీగులో జట్టు ఆడుతుంది? పోయినేడు చేరిన కీపర్ ఇప్పుడు యాడున్నాడు? ఈ చివరి ప్రశ్నకు వాళ్లు ఎంతసేపు తడుముకుంటారో గమనిస్తే చాలు.

మీ బామ్మర్ది మాట కూడా నాకు సగమే నచ్చింది. చదువు ఆపకూడదన్నది నిజం. అయితే పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లుండే హాస్టల్ కాలేజీలో కీపర్ బతకడు. ఫార్వర్డు నెల తరువాత వచ్చినా కాలికి బంతి తగిలితే గుర్తొస్తుంది. కీపర్ రెండు వారాలు దొర్లకపోతే దూకేటప్పుడు భుజం భయపడుతుంది. గ్రౌండు ఉన్న కాలేజీ, సాయంత్రం నాలుగున్నరకల్లా వదిలే కాలేజీ వెతకండి, చిత్తూరులో అయినా తిరుపతిలో అయినా. గ్రూపు విషయంలో నా సొంత అభిప్రాయం ఒకటుంది, లెక్కలంటే మీవాడికి ప్రాణం కాకపోతే బైపీసీ ఆలోచించండి. రేపు ఆట నడవకపోయినా ఫిజియోథెరపీ డిగ్రీ చదవచ్చు, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనే ఆ కోర్సుంది. వేళ్లు, భుజాలు, మోకాళ్లు ఎట్లా దెబ్బతింటాయో ఒంటితో తెలుసుకున్నవాడు మంచి ఫిజియో అవుతాడు.

చిత్తూరులో పుట్టడం మీవాడికి ఒక రకంగా కలిసొచ్చే సంగతి, ఇది మీరు ఆలోచించి ఉండరు. కీపర్ పనిలో సగం నోటితోనే. మైదానం మొత్తం కనిపించేది వాడొక్కడికే. ఎవరిని పట్టుకోవాలో, ఎప్పుడు వెనక్కి రావాలో, బంతి నాదని ఎప్పుడు అరవాలో వాడే చెప్పాలి. కొత్త జట్టులో భాష రాని కీపర్ మూగవాడైపోతాడు. మీ ఊర్లో పిల్లలకు తెలుగుతో పాటు అరవం వస్తుంది, కన్నడం చెవిన పడుతుంది. చెన్నైలోనూ బెంగళూరులోనూ జిల్లా లీగులు డివిజన్ల వారీగా జరుగుతాయి, రెండూ మీకు బస్సులో నాలుగు గంటల దూరం. కింది డివిజన్‌లో ఒక చిన్న క్లబ్బుకు మొదటి కీపర్‌గా ఆడిన పది మ్యాచ్‌లు పెద్ద అకాడమీ బెంచీ మీద రెండేళ్లకన్నా మేలు. హిందీ కూడా కొంచెం నేర్పించండి.

ట్రయల్స్‌కు తీసుకుపోయేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పావుగంట ఆటలో మీవాడి మీదికి ఒక్క షాట్ కూడా రాకపోవచ్చు. దానికి ఏడవద్దని ముందే చెప్పండి. చూసేవాళ్లు డైవులకన్నా ముందు వాడు నిలబడే చోటు, గొంతు, కాళ్లు చూస్తారు. 1992 నుంచి సొంత జట్టువాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదు. అప్పటి నుంచి కీపర్ కూడా కాళ్లతో ఆడేవాడే. 2025 జులై నుంచి ఇంకోటి, బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో పెట్టుకుంటే అవతలి జట్టుకు కార్నర్ ఇస్తారు. మనవైపు మ్యాచ్‌లలో కీపర్లు బంతిని బిడ్డలాగా హత్తుకుని కూర్చునే అలవాటు మానుకోవాలి.

డబ్బుల మాటకొస్తే, ఐఎస్ఎల్‌లో కీపర్‌కు ఒక అనుకూలత ఉంది. విదేశీ ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి ఉండేసరికి క్లబ్బులు ఆ చోట్లను గోల్స్ కొట్టేవాళ్లకే ఖర్చు పెడతాయి, గోలు ముందు దాదాపు అందరూ మనవాళ్లే. అంతమాత్రాన నిలకడ ఉందనుకోవద్దు. 2025-26 సీజన్ నెలలతరబడి మొదలే కాలేదు, ఆటగాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

అందుకే పాతదారిని మూసేయవద్దంటాను. పీటర్ తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడు. ఆర్మీలో చేరి మద్రాస్ రెజిమెంట్ జట్టుకు ఆడినాడు, 1956, 1960 ఒలింపిక్స్‌కు పోయినాడు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. చేరినప్పుడు ఆయన సెంటర్ ఫార్వర్డ్, గోల్లోకి తరువాత వచ్చినాడు. ఆర్మీ, రైల్వే, పోలీసు, బ్యాంకు జట్లు ఈనాటికీ జీతమిచ్చి ఆడించుకుంటాయి. మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో క్రీడా కోటా రెండు శాతం నుంచి మూడుకు పెరిగింది. కోటాకు కావాల్సింది కాగితం. కేంద్ర ఉద్యోగాలకు ఏ స్థాయిలో ఆడినాడో చెప్పే సర్టిఫికెట్‌కు ఫారం నంబర్లుంటాయి: ఫారం 4 అంటే జాతీయ స్కూల్ గేమ్స్, ఫారం 3 అంటే యూనివర్సిటీల మధ్య పోటీలు, ఫారం 2 అంటే రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు. ఇంటర్‌లో ఉండగా అండర్-19 స్కూల్ గేమ్స్ రాష్ట్ర జట్టు, డిగ్రీలో యూనివర్సిటీ జట్టు, ఈ రెండూ మీవాడి లెక్కలో ఉండాలి. బెంచీ మీద కూర్చున్న జిల్లా పోటీ సర్టిఫికెట్ కూడా పారేయకండి, ఒక ఫైల్లో పెట్టండి.

అంటే ఇప్పుడే చేయాల్సింది ఇది. ఎక్స్‌రే, గ్రౌండున్న కాలేజీలో ఇంటర్, వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసు, సెలవుల్లో అనంతపురం, చెన్నై, బెంగళూరు ట్రయల్స్. రెండేళ్లు గడువు పెట్టుకోండి, అది వాడికి తెలిసేటట్టే పెట్టుకోండి. పద్దెనిమిది నిండేలోపు మీ జిల్లా బయట ఒక్క జట్టయినా వాణ్ణి డబ్బు తీసుకోకుండా తీసుకుంటే ముందుకు పోదాం. లేకపోతే కాలేజీ జట్టుకు ఆడుకుంటూ డిగ్రీ చేస్తాడు, ఆసక్తి నిలిస్తే కోచింగ్ లైసెన్సుల వైపు పోతాడు. కీపర్లకు కోచింగ్ ఇచ్చేవాళ్లు మనవైపు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. ఆ నాలుగు లక్షల్లో ఒక అయిదారు వేలు తీసి మంచి గ్లౌజులు రెండు జతలు కొనిపెట్టండి, ఒకటి ప్రాక్టీసుకు, ఒకటి మ్యాచ్‌కు. ఎండలో ఆరేయవద్దని చెప్పండి, అరచేతి రబ్బరు పగిలిపోతుంది.

ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీవాణ్ణి ఒకటి అడగండి. ఆ జిల్లా పోటీలో అవతలి జట్టు తరఫున ఫ్రీకిక్కులు కొట్టినవాడు ఏ కాలితో కొట్టినాడు, ఎటువైపు కొట్టినాడు అని. వాడు ఆలోచించకుండా చెప్పేస్తే, ఆ జవాబు రాసి నాకు మళ్లీ ఉత్తరం పంపండి.