డిస్క్ నిండుతోంది, డేటాబేస్ ఆపకూడదు: ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక అమీర్‌పేటలో డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సు చేశాను. ఒక ఇంటర్వ్యూలో ‘లైవ్ డేటాబేస్ ఉన్న లినక్స్ సర్వర్‌లో డిస్క్ 95 శాతం నిండింది, ఏం చేస్తారు?’ అని అడిగారు. డేటాబేస్ ఆపి, బ్యాకప్ తీసి, పెద్ద డిస్క్‌లోకి రీస్టోర్ చేస్తానన్నాను. సెలక్ట్ కాలేదు. క్లౌడ్ వచ్చాక అసలు ఈ లైన్‌లో భవిష్యత్తు ఉందా?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ పద్ధతి చిన్న డేటాబేస్‌కి సరిపోతుంది. అదే 2 టెరాబైట్ల డేటా అయితే గంటల తరబడి పని. అంతసేపు బిల్లింగ్ ఆపుకోమంటే ఏ కంపెనీ ఒప్పుకుంటుంది?

వాళ్లు మీ నుంచి ముందు ఎదురు ప్రశ్న ఆశించి ఉంటారు: ఇంతకీ డిస్క్ ఎందుకు నిండింది? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ (కాపీ సర్వర్ ఎంతవరకు అందుకుందో గుర్తుపెట్టుకునేది) ఒక్కటి మిగిలిపోయినా వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే లాగ్) గుట్టగా పేరుకుపోతాయి. అలాంటప్పుడు డిస్క్ పెంచినా నాలుగు రోజుల ముచ్చటే. ఆ ఫైళ్లను చేత్తో డిలీట్ చేస్తానని మాత్రం పొరపాటున కూడా అనకండి, ఇంటర్వ్యూ అక్కడితో సరి.

నిజంగానే డేటా పెరిగిందనుకుందాం. ఎల్‌వీఎం (డిస్క్‌లను కలిపి వాల్యూములుగా పంచే లినక్స్ ఏర్పాటు) ఉంటే కొత్త డిస్క్ తగిలించి పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్, ఎల్‌వీఎక్స్‌టెండ్ వరసగా కొట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తీరా ఖాళీ ఎంతుందో చూపే ‘డీఎఫ్’ కమాండ్ కొట్టి చూస్తే పాత సైజే కనిపిస్తుంది, ఎందుకంటే ఫైల్ సిస్టం ఇంకా పెరగలేదు. ఫైల్ సిస్టం ఈఎక్స్‌టీ4 రకం అయితే రీసైజ్‌టూఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రకం అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్ కమాండ్ ఇవ్వాలి. మౌంట్ తియ్యక్కర్లేదు, డేటాబేస్ ఆపక్కర్లేదు. ఎల్‌వీఎం లేకపోతే పెద్ద డిస్క్ ఉన్న ఇంకో సర్వర్‌ని రెప్లికాగా (ఎప్పటికప్పుడు డేటా అందుకునే కాపీగా) పెట్టి, డేటా అంతా అందుకున్నాక అప్లికేషన్లను దానికి మార్చాలి. అప్పుడు ఆగేది ఆ మార్చే కాసేపే.

ఇంకోటి, పెంచినంత తేలిగ్గా తగ్గించలేం. మౌంట్ అయి ఉన్న ఈఎక్స్‌టీ4ని కుదించలేరు, అమెజాన్ క్లౌడ్ డిస్క్ అయిన ఈబీఎస్ వాల్యూమ్ సైజు తగ్గదు. డిస్క్‌ని పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించి ఉంటే పార్టిషన్ సాధారణంగా 2 టెరాబైట్లు దాటి పెరగదు కూడా. ఇవి అడక్కుండానే చెప్పండి, పని తెలిసిన మనిషని ఎదుటివాళ్లకి అర్థమవుతుంది.

ఇక క్లౌడ్ సంగతి. ఇన్‌స్టాల్ చేయడం, రోజూ బ్యాకప్ చూసుకోవడం లాంటి పనులతోనే గడిచిపోయే ఉద్యోగాలు తగ్గుతాయి, దాచాల్సిందేమీ లేదు. కానీ ఈబీఎస్ వాల్యూమ్ పెంచాక కూడా మెషీన్ లోపల పార్టిషన్, ఫైల్ సిస్టం పెంచాల్సింది మనమే. అందుకని మళ్లీ ఇంకో డేటాబేస్ కోర్సుకి ఫీజు కట్టకండి. లినక్స్ గట్టిగా, ఏదో ఒక క్లౌడ్ ఓ మోస్తరుగా నేర్చుకోండి.

సాధనకి మీ ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ వేసి, ఎల్‌వీఎం వాల్యూమ్ మీద పోస్ట్‌గ్రెస్ పెట్టి, రెండో వర్చువల్ డిస్క్ ముందే తగిలించి ఉంచుకోండి. పోస్ట్‌గ్రెస్ పరీక్ష టూల్ పీజీబెంచ్‌తో లోడు నడుస్తుండగానే స్టోరేజీ పెంచండి. ఆ సమయంలో ట్రాన్సాక్షన్లు ఒక్కటైనా ఫెయిలయ్యాయా, ఎంత నెమ్మదించాయో రాసి పెట్టుకోండి. వచ్చే ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న పడితే ఆ అంకెలతో మొదలుపెట్టండి.