వేగం పెంచే మార్పులు చేసిన బైకు రోడ్డు మీదికి రావచ్చా?

ప్రశ్న: రెండేళ్లుగా నడుపుతున్న నా బైకుకు పికప్ పెంచుకోవాలని ఉంది. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్పించి, ఈసీయూ (ఇంజిన్‌కు ఇంధనం ఎంత అందాలో చూసుకునే చిన్న కంప్యూటర్) రీమ్యాప్ చేయించాలని, అంటే అందులోని లెక్కలను మార్పించాలని అనుకుంటున్నాను. ఈ సామాను అంతా బాహాటంగా అమ్ముతున్నప్పుడు తప్పేముందని కొందరు మిత్రులు అంటున్నారు. తయారైన నాటి బండిలో ఒక్క బోల్టు మార్చినా నేరమేనని మరికొందరు భయపెడుతున్నారు. ఇంతకీ ఇంజిన్ శక్తిని పెంచే మార్పులు చేసిన బైకును మామూలు రోడ్ల మీద నడపడం చట్టసమ్మతమేనా?

జవాబు: ఒక విడిభాగం దుకాణంలో దొరకడం వేరు, దాన్ని బిగించుకున్న బండికి రోడ్డు మీద తిరిగే అర్హత ఉండడం వేరు. మీ మిత్రుల్లో మొదటి వర్గం వారు ఈ తేడాను పట్టించుకోలేదు. రెండో వర్గం వారు చట్టం చెప్పని మాటను చట్టానికి అంటగట్టారు. మీరు చెప్పిన మూడు మార్పుల విషయంలో మాత్రం భయపెడుతున్నవారే సత్యానికి దగ్గరగా ఉన్నారు.

కొత్త మోడల్ అమ్మకానికి రాకముందు తయారీదారు దాని నమూనాను పరీక్షలకు పెట్టాలి. పొగలోని కాలుష్యం, శబ్దం, బ్రేకులు, దీపాలు వంటివన్నీ ప్రమాణాలకు లోబడి ఉన్నాయని తేలితే ఆ నమూనాకు ఆమోదం లభిస్తుంది. దీన్నే టైప్ అప్రూవల్ అంటారు. ఆ తర్వాత కర్మాగారం నుంచి వచ్చే ప్రతి బండీ ఆ నమూనాకు నకలే కాబట్టి, దేన్నీ విడిగా పరీక్షించకుండానే రిజిస్ట్రేషన్ చేస్తారు. అందువల్ల ఏ మార్పు చేయబోతున్నా, ఈ మార్పు తర్వాత కూడా నా బండి పరీక్షలో నెగ్గిన ఆ బండిలాగానే ఉంటుందా అని ముందుగా ప్రశ్నించుకోవాలి. దేశాన్ని బట్టి చట్టంలోని మాటలు మారతాయి గానీ, ఈ ప్రశ్న దాదాపు అన్నిచోట్లా ఒకటే. జర్మనీ నిబంధనలు దీన్ని ఎంతో స్పష్టంగా విడదీసి చెబుతాయి: మార్పు వల్ల వాహనం రకమే మారిపోయినా, రోడ్డు మీద ఇతరులకు ప్రమాదం కలిగే అవకాశం ఏర్పడినా, పొగ లేదా శబ్దం పరిస్థితి దిగజారినా ఆ వాహనానికి ఇచ్చిన అనుమతి రద్దయిపోతుంది. ఏ దేశంలో ఉన్నవారైనా మనసులో పెట్టుకోదగిన కొలబద్ద ఇది.

ఇక మీ మూడు మార్పుల సంగతి. నేటి ఇంజెక్షన్ బైకులో ఎగ్జాస్ట్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ కాలిన వాయువులను గమనిస్తూ ఉంటుంది. ఒక పాలు పెట్రోలుకు బరువు లెక్కన దాదాపు 14.7 పాళ్ల గాలి కలిసేలా ఈసీయూ ఆ సమాచారాన్ని బట్టి ఇంధనాన్ని సర్దుతుంది. ఎగ్జాస్ట్ గొట్టంలో ఉండి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని, నైట్రోజన్ ఆక్సైడ్లను ఒకేసారి అదుపు చేయగలిగేది ఈ నిష్పత్తికి చాలా దగ్గరలోనే. అయితే ఇంజిన్ నుంచి గరిష్ఠ శక్తి రావాలంటే మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువ కావాలి, అంటే 13 పాళ్లకో అంతకంటే కొంచెం తక్కువకో గాలిని దించాలి. శక్తి కోసం చేసే రీమ్యాప్‌లో జరిగే ముఖ్యమైన పనుల్లో ఇదొకటి. మామూలు వేగాల్లోనూ మిశ్రమాన్ని ఇలాగే ఉంచి సెన్సర్ మాట వినవద్దని ఈసీయూకు చెబితే, కన్వర్టర్ గొట్టంలో ఉన్నా దాని పని సరిగా సాగదు. పైగా మిగిలిపోయిన పెట్రోలు దానిలోనే కాలి, అది అతిగా వేడెక్కి పాడవుతుంది. రీమ్యాప్ కంటికి కనిపించదు కాబట్టి చిన్న మార్పు అనుకుంటారు గానీ, మీ మూడింటిలో చట్టం దృష్టిలో బరువైనది అదేనని నా అభిప్రాయం. ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే మార్చి మిగతాదంతా అలాగే ఉంచితే లాభమూ స్వల్పమే, చిక్కూ స్వల్పమే. కానీ ఎయిర్ ఫిల్టర్ అమర్చి ఉండే గాలి పెట్టెనే తొలగించి విడి ఫిల్టర్లు బిగిస్తే, గాలి లోపలికి పీల్చుకునే చప్పుడును అణచి ఉంచే భాగాన్ని కూడా తీసేసినట్టవుతుంది.

సైలెన్సర్ విషయంలో నేను కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఆమోదం కోసం చేసే శబ్ద పరీక్షలో బండి వేగం పుంజుకుంటూ వెళుతుండగా, అది వెళ్లే దారి మధ్యగీతకు 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. అమెరికా పరీక్షలో మాత్రం మైకు దూరం 15 మీటర్లు; అక్కడ 1986 మోడల్ నుంచి రోడ్డు బైకులకు పరిమితి 80 డెసిబెల్స్. భారతదేశంలో 80 సీసీ వరకు 75, 175 సీసీ వరకు 77, ఆపైన 80 డెసిబెల్స్ అని తయారీ దశకు పరిమితులు పెట్టారు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక వంటిది కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి పది రెట్లవుతుంది, చెవికి చప్పుడు సుమారు రెట్టింపుగా తోస్తుంది. ఖాళీ గొట్టంలాంటి సైలెన్సర్‌తో అర్ధరాత్రి ఒక వీధి పొడుగునా సాగే ఒక్క బండి ఎన్ని ఇళ్లలో చంటిబిడ్డల నిద్ర, రోగుల నిద్ర చెడగొడుతుందో నడిపేవారు ఆలోచించాలి. శబ్దం పెరిగితే శక్తి పెరిగినట్టే అన్న నమ్మకంలోనూ నిజం లేదు. ఈసీయూ సర్దకుండా గొట్టం మాత్రమే మార్చినప్పుడు, మనం రోజూ నడిపే మధ్య వేగాల్లో లాగుడు తగ్గిపోవడం కూడా మామూలే.

చట్టాల విషయానికి వస్తే, భారతదేశపు 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే నొక్కి చెప్పింది. ఇంజిన్ సామర్థ్యం సీసీల్లో ఆ పత్రంలో ఉంటుంది కాబట్టి, బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, పెంచి 150 సీసీ ఇంజిన్‌ను 180 సీసీ చేస్తే అది నేరుగా ఈ సెక్షన్ కిందికి వస్తుంది. సైలెన్సర్ పేరు పత్రంలో ఉండదు కదా అని వాదించేవారున్నారు. పత్రంలో లేకపోయినా, శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరి వాహనం నడిపితే 190వ సెక్షన్ వర్తిస్తుంది. పైగా 2019లో చేర్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేకుండా విడిభాగాలు బిగించి వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతోంది. ఒక్కొక్క మార్పుకు అన్న మాటను గమనించండి.

అమెరికాలో స్వచ్ఛ వాయు చట్టం కాలుష్య నియంత్రణ భాగాలను తొలగించడాన్ని, పనిచేయకుండా చేయడాన్ని మాత్రమే కాక, ప్రధానంగా ఆ పనికే ఉపయోగపడే భాగాల తయారీని, అమ్మకాన్ని కూడా నిషేధిస్తుంది. 2016లో హార్లే డేవిడ్సన్ సంస్థ మీద అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన కేసు ఇటువంటిదే. ఆమోదం పొందిన స్థాయికి మించి కాలుష్యం వెలువడేలా ఇంజిన్ సర్దుబాట్లను మార్చే ట్యూనర్లు అనే పరికరాలను 2008 నుంచి దాదాపు 3,40,000 అమ్మారన్నది ఆరోపణ. అవి పోటీల్లో వాడేందుకు ఉద్దేశించినవని సంస్థ చెప్పుకున్నప్పటికీ, చివరికి 1.2 కోట్ల డాలర్ల జరిమానాకు, ఆ పరికరాల అమ్మకం ఆపడానికి ఒప్పుకుంది. తయారుచేసిన సంస్థ పేరుతో వచ్చిన పరికరమే ఇలా చిక్కుల్లో పడిందంటే, ఊరూపేరూ లేని డబ్బాను నమ్మి బిగించుకునేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పనక్కరలేదు. అయితే అక్కడ సక్రమమైన దారి కూడా ఉంది. కాలుష్యం పెరగదని పరీక్షల్లో రుజువు చేసుకున్న విడిభాగాలకు కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఒక ఉత్తర్వు సంఖ్య కేటాయిస్తుంది. ఆ సంఖ్య ఉన్న భాగాన్ని అది ఏ మోడల్ కోసమో ఆ మోడల్‌కే బిగిస్తే అక్కడ ఆక్షేపణ ఉండదు. ఐరోపాలో ఇదే పనిని E-గుర్తు చేస్తుంది. సైలెన్సర్ మీద వలయంలో E అనే ఆంగ్ల అక్షరం, దాని పక్కన ఆమోదించిన దేశపు అంకె ముద్రించి ఉంటాయి. చప్పుడు తగ్గించడానికి లోపల బిగించే డీబీ కిల్లర్ అనే భాగాన్ని తీసేసిన మరుక్షణం ఆ ఆమోదం వర్తించదు.

అమ్మేవారి సంగతి అడిగారు. డబ్బా మీదో, భాగం మీదో చిన్న అక్షరాల్లో రేసు వాడకానికి మాత్రమే అని రాసి ఉంటుంది, చదవండి. ఆ వాక్యంతో అమ్మినవారు తమ వంతు బాధ్యతను చాలావరకు మీ భుజాల మీద పెట్టేశారన్న మాట. మూసి ఉన్న ట్రాక్ మీద మాత్రమే నడిపే బండికి ఆ భాగం తగినదే కావచ్చు. అదే బండి నంబరు ప్లేటుతో రోడ్డు మీదికి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. బీమా సంస్థకు చెప్పకుండా ఇంజిన్ శక్తిని పెంచుకుంటే, ప్రమాదం జరిగిన రోజున పరిహారం విషయంలో ఆ దాపరికమే వివాదానికి దారితీయవచ్చు. అందుచేత రీమ్యాప్, ఖాళీ సైలెన్సర్ రెండూ వద్దనే చెబుతాను. మీ మోడల్‌కు ఆమోదం పొందిన సైలెన్సర్ దొరికితే మార్చుకోండి. మిగిలిన డబ్బు అదే కొలత, తగిన లోడు, వేగ సూచికలు ఉన్న మంచి టైర్ల మీద, మేలైన బ్రేకు ప్యాడ్ల మీద పెడితే బండి మీకు నిజంగా కొత్తగా అనిపిస్తుంది.

ప్రశ్న: ఐరోపాలో ఏ2 లైసెన్స్‌తో శక్తి తగ్గించిన బైకు నడుపుతున్నాను. ఇంజిన్ జోలికి పోకుండా స్ప్రాకెట్లు (చైను తిరిగే పళ్ల చక్రాలు) మాత్రం మార్చుకోవచ్చా? శక్తికి పెట్టిన అడ్డును తీసేస్తే ఏమవుతుంది?

జవాబు: రెండో ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే అది చాలా తీవ్రమైనది. ఏ2 లైసెన్స్ 35 కిలోవాట్ల వరకే చెల్లుతుంది. బండి అసలు శక్తి కూడా దానికి రెట్టింపును, అంటే 70 కిలోవాట్లను మించకూడదు. అడ్డు తీసిన క్షణం నుంచి మీరు నడుపుతున్నది మీ లైసెన్స్ పరిధిలో లేని బండి. అది మార్పు చేసిన బైకు నడిపిన తప్పుతో ఆగదు, లైసెన్స్ లేకుండా నడిపిన తప్పు కూడా అవుతుంది.

స్ప్రాకెట్ల వల్ల ఇంజిన్ శక్తి పెరగదు. చక్రానికి చేరే లాగుడుకూ గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న పంపకం మాత్రమే మారుతుంది. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గిస్తే పికప్ చురుకవుతుంది, ఇంజిన్ మాత్రం అదే వేగానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి చప్పుడు కొంత పెరుగుతుంది. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి కొలత తీసుకునే బైకుల్లో ఇంకొక చిక్కుంది. ముందు పళ్లు పెంచినా, వెనుక తగ్గించినా మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది. స్పీడోమీటర్ ఎప్పుడూ అసలు వేగం కంటే తక్కువ చూపరాదన్నది ఐక్యరాజ్యసమితి 39వ నిబంధనలోని షరతు. జర్మనీ వంటి దేశాల్లో ఈ మార్పును పరీక్షా కేంద్రంలో చూపించి పత్రాల్లో నమోదు చేయించుకోవాల్సి రావచ్చు, కాబట్టి బిగించే ముందే అడగండి.

ప్రశ్న: నేను కొన్న పాత బైకుకు సైలెన్సర్, ఈసీయూ మార్పులు ముందే చేసి ఉన్నాయి. ఆ పని నేను చేయలేదు కాబట్టి నా మీద బాధ్యత ఉండదు కదా?

జవాబు: ఉంటుంది. మార్చినవారి తప్పు వేరు, అటువంటి బండిని రోడ్డు మీద నడిపేవారి తప్పు వేరు. ఆపినప్పుడు బండి మీద ఉన్నది మీరే. మొదట ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ వివరాలు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోతున్నాయో లేదో చూడండి. అవి సరిపోకపోతే మరమ్మతుల జోలికి వెళ్లకుండా ముందు రిజిస్ట్రేషన్ అధికారులను కలవండి. సరిపోతే అసలు సైలెన్సర్, గాలి పెట్టె ఉన్నాయేమో పాత యజమానిని అడగండి, చాలామంది వాటిని పారేయకుండా అటక మీద దాచి ఉంచుతారు. లేకపోతే మీ మోడల్‌కు ఆమోదం ఉన్నవి కొనండి. ఈసీయూలో తయారీదారు మ్యాప్‌ను అధీకృత సర్వీస్ కేంద్రంలో తిరిగి ఎక్కించుకుని, ఆ తర్వాత పొగ పరీక్ష చేయించండి. ఆ పరీక్షలో గణాంకాలు ఇంకా ఎక్కువగానే వస్తే, కన్వర్టర్ లోపల ఖాళీ చేసి ఉందేమో విప్పి చూడమని మెకానిక్‌ను అడగండి.