బ్లోయర్ ఫ్యాన్ ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: మాది హనుమకొండలో చిన్న వర్క్‌షాప్, రైస్ మిల్లులకు బ్లోయర్ ఫ్యాన్లు చేసిస్తాం. చేత్తో తిప్పి బ్యాలెన్స్ చూసే పంపిస్తున్నాం, అయినా మిల్లులో స్పీడ్ అందుకోగానే వణుకుతున్నాయి, బేరింగులు పోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు బేరింగులు మార్చడం ఆపండి. చేత్తో తిప్పితే బరువున్న వైపు కిందికొచ్చి ఆగుతుంది, మీకు తెలిసేది అంతవరకే. ఫ్యాన్ పళ్లెంలా సన్నగా ఉంటే అది చాలు. వెడల్పు ఫ్యాన్‌కు ముందు అంచున ఒకవైపు, వెనక అంచున సరిగ్గా దానికి ఎదురువైపు అంతే బరువు ఎక్కువున్నా, రెండూ చెల్లుకు చెల్లై ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది, తిరగడం మొదలయ్యాక మాత్రం షాఫ్ట్‌ను చెరోవైపు గుంజుతాయి. స్పీడ్ రెట్టింపైతే ఆ గుంజుడు నాలుగింతలు!

కాబట్టి బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి రెండు అంచులనూ విడివిడిగా సరిచేయించండి. తేలికవైపు చిన్న ముక్క వెల్డింగ్ చేస్తారు, లేదా బరువువైపు గ్రైండ్ చేస్తారు. బ్యాలెన్స్ చేశాక తేడా ఎంతవరకు మిగలొచ్చో చెప్పే గ్రేడ్లలో ఫ్యాన్లకు మామూలుగా జీ 6.3 చూస్తారు. ఆ లెక్కన 1500 ఆర్‌పీఎంలో తిరిగే 20 కిలోల ఫ్యాన్‌కు, మధ్య నుంచి 200 మి.మీ. దూరంలో, రెండు అంచులకూ కలిపి మిగిలే తేడా 4 గ్రాములు దాటకూడదు. అంత కొద్ది తేడా చేతికి అందేది కాదు. ముక్క తూచేటప్పుడు వెల్డింగ్ బరువు కూడా లెక్కలో వేసుకోండి.