పాపతో మిల్‌టౌన్ మాల్బే పబ్‌లకి వెళ్లొచ్చా? - సమాధానం

అక్కా, మేం మందు ముట్టం, పదేళ్ల పాపతో జూలైలో ఐర్లండ్‌లోని మిల్‌టౌన్ మాల్బే ఊళ్లో జరిగే విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్‌కి (ఐరిష్ సంప్రదాయ సంగీతపు వేడుక) వెళ్తే పబ్‌లలోకి రానిస్తారా అని అడిగారు కదా. నిక్షేపంగా వెళ్లండి. అమ్మానాన్నలు వెంట ఉంటే ఐర్లండ్ చట్టం పిల్లల్ని ఒప్పుకుంటుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా రాత్రి 10 వరకు, మిగతా నెలల్లో 9 వరకు. అయినా గుమ్మంలో ఒకమాట అడగండి, కాదనే హక్కు యజమానికుంది. రాత్రిళ్లు కాలు పెట్టే చోటుండదు, మధ్యాహ్నమే మొదలుపెట్టండి.

అక్కడ స్టేజీ ఉండదు. సంగీతకారులు ఓ మూల బల్ల చుట్టూ కూర్చుని వాయిస్తారు. ఆ బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా కనిపించినా కూర్చోకండి, అది వాయించేవాళ్లది. ప్రతి పబ్‌లో ఓ కూల్‌డ్రింకైనా కొనండి, అది మర్యాద.

పాపకి ఇలియన్ పైప్స్ అనే ఐరిష్ వాద్యం తప్పక చూపించండి. మన సన్నాయిలా నోటితో ఊదరు. ఒక మోచేతి కింద చిన్న కొలిమితిత్తి, రెండో చంకలో గాలిసంచి. మోచెయ్యి ఆడుతుంటే పాట పలుకుతుంది. 1973లో పోయిన క్లాన్సీ గారు వాయించింది అదే. ఆ ఏడే ఆయన పేరుతో ఈ స్కూల్ మొదలైంది.